దొరసాని దవడ

మా పిన్ని ఉద్యోగం కోతుల చేత మందు మింగించడం. వినడానికి నవ్వులాటగా ఉంటుంది కానీ, ఇరవై రెండేళ్ళుగా ఆ పరిశోధనశాలలో కోతులన్నీ ఆవిడ చేతి అరటిపండు ముక్కకే నోరు తెరుస్తాయి. అక్కడే మేడమీద మైక్రోస్కోపు ముందు కూర్చునే పని నాది. మధ్యాహ్నం క్యారేజీ మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఈ ఏడు మా డాక్టరు గారు ఎత్తుకున్న ప్రశ్న ఇది: గర్భం నిలబెట్టే హార్మోనును మందుతో అడ్డుకుంటే, మొదటి వారంలో పిండం ఏమవుతుంది? ఎనిమిది ఆడకోతులకు, జతకట్టిన మర్నాటి నుంచి ఐదు రోజులు రోజుకో మాత్ర. ఆరోనాడు మత్తిచ్చి గర్భసంచి కడిగితే, ఆ నీళ్ళలో పిండాన్ని వెతికి నేను చూడాలి. ఏడింటి పిండాలు ఎనిమిది కణాల దగ్గరే ముడుచుకుపోయాయి. దొరసాని అని పిలుచుకునే ఎనిమిదోదాని పిండం మాత్రం గుండ్రంగా, నిక్షేపంలా ఎదిగింది.

డాక్టరు గారికి కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. "దీని ఒంట్లో మందుకి లొంగనిదేదో ఉంది. మనం రాయాల్సింది దీని గురించే," అంటూ రెండు వారాలు వరండాలో కూనిరాగాలు తీశారు.

కోతి బుగ్గల్లో సంచులుంటాయి. తిండి అందులో దాచుకుని తీరిగ్గా తింటుంది. అందుకని పిన్ని నోరు తెరిపించి చూశాక, దవడ కింద వేలితో నొక్కి, సంచి ఖాళీ అని తేలాకే 'మింగింది' అని రాసి సంతకం పెడుతుంది. దొరసాని దగ్గర మాత్రం ఆ నొక్కడం మానేసింది. చెప్పగానే చంటిపిల్లలా నోరంతా తెరిచేదాన్ని అనుమానించడానికి ఆవిడకు మనసొప్పలేదు.

నెలకోసారి బోను చెక్కలు ఊడదీసి కడిగే రోజున, దొరసాని బోను సందులో ఐదు మాత్రలు దొరికాయి. పిన్ని క్యారేజీ విప్పకుండా, ఆ మాత్రలు మూటగట్టిన రుమాలు నా ముందు పరిచింది.

"కాలవలో పారేస్తే ఎవరికీ తెలీదే. వచ్చే నెలతో రిటైరైపోతున్నా. ఇన్నేళ్ళూ లేని మచ్చ ఇప్పుడెందుకు నాకు?"

"మరి ఆ పిండం మందుకి లొంగలేదని డాక్టరు గారు రాసేస్తారు పిన్నీ."

మింగలేక కక్కలేక కూర్చుంది పాపం. దొరసానికి ఆ బాధ లేదు, హాయిగా కక్కేసింది. కాసేపటికి పిన్ని లేచి, "నువ్వూ రా, ఒక్కదాన్నే వెళ్ళలేను," అంది.

రుమాలు చూడగానే డాక్టరు గారి మొహం వాడిపోయింది.

"సంతకం కొట్టేయమంటారా?" అంది పిన్ని.

"వద్దు. జరిగింది పక్కన రాయండి."

పిన్ని వంగి రాసింది: నోరు చూశాను. దవడ నొక్కలేదు. మాత్రలు దొరికాయి.

"మిగతావాటివి?"

"రోజూ నొక్కానండి. దీన్నొక్కదాన్నే నమ్మాను."

డాక్టరు గారు నవ్వాపుకోలేకపోయారు. వెనక్కి ఒక్కో కాగితం తిప్పి, పిన్ని సంతకాలన్నీ చూశారు.

"రెండు వారాల సంతోషం పోయింది, నిజమే. కానీ ఈ ఏడింటినీ ఇక కళ్ళు మూసుకుని నమ్ముతాను. ఎందుకని ఎవరైనా అడిగితే ఈ ఎనిమిదో కాగితమే చూపిస్తాను."

వరండాలోకి వచ్చాక పిన్ని ఏడ్చింది, ముక్కు చీదుకుంది, ఆకలేస్తోందంది. ఆ పూట పెద్ద ముద్దలన్నీ ఆవిడకే పెట్టాను.