చంద్రవ్వ ఇచ్చేసిన గొర్రె

తాండూరులో బండలు కోసి నున్నగా చేసే యూనిట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడదామని నేను ఒకసారి బయల్దేరాను. నలభయ్యో దాని దగ్గరికి వచ్చేసరికి నా ట్రాలీ ఆటో మీద ఎంత తెల్ల దుమ్ము పేరుకుందంటే, టీ తాగి వచ్చి నా బండి నేనే గుర్తుపట్టలేక పక్కవాడి బండి నడుపుకుంటూ వికారాబాద్ దాకా పోయాను. అలాంటి యూనిట్లలో ఒకదాంట్లో శంకరప్ప ఫిట్టరు. కోత యంత్రం మొరాయిస్తే అందరూ పిలిచేది అతన్నే.

యాలాల్ దగ్గర పల్లెలో కురుమల ఇల్లు అతనిది. తాత గొర్రెలు కాశాడు, తండ్రి గొర్రెలు కాశాడు, ఇతను ఇనుప గొర్రెను కన్నాడు. నేనూ అతనూ ఒకే బెంచీ మీద కూర్చుని తొమ్మిదో తరగతి తప్పాం. అతను లెక్కల్లో మాత్రమే తప్పాడు. నేను ఏ సబ్జెక్టుకూ అన్యాయం చేయకుండా అన్నిట్లోనూ సమానంగా తప్పాను. తర్వాత ఇద్దరం బడి మొహం చూడలేదు.

నాలుగేళ్ళ కిందటి మాట. యూనిట్ ముందు కూలీల పిల్లలు బండల కుప్పలెక్కి దూకుతుండేవారు. వాళ్ళను ఆ కుప్పల మీది నుంచి దింపాలంటే ఇంకేదో ఎక్కించాలని శంకరప్పకు తోచింది. పాత ఇనుము అడ్డా నుంచి సైకిళ్ళ ఫ్రీవీళ్ళు నాలుగు తెచ్చాడు. అవి ముందుకు తిరుగుతాయి గానీ వెనక్కి తిరగవు. వాటిని ఇనుప గొర్రెకు కాళ్ళుగా వేసి, గొర్రెను నడుము దగ్గర రెండు ముక్కలు చేసి మధ్యలో మడతబందు పెట్టాడు. పిల్లవాడు పైన కూర్చుని ముందుకూ వెనక్కీ ఊగితే చాలు, గొంగళిపురుగులా ముందు సగం జరుగుతుంది, వెనుక సగం దాని వెంట వస్తుంది. ఆ నడక కుదరడానికి అతనికి ఏడు నెలలు పట్టింది. కుదిరిన రోజున వాళ్ళ దొడ్లో నిజం పొట్టేలు ఒకటి మేత మానేసి మూడు రోజులు దాని చుట్టూ తిరిగింది. మామూలుగా నేను వారం అని చెబుతాను. ఇది అచ్చులో వస్తుంది కాబట్టి తగ్గించాను.

శంకరప్ప తల్లి చంద్రవ్వ ఆ గొర్రెను అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయిపోయిందా?"

"అయింది అవ్వ."

"మరి ఇంక ఇంట్ల ఎందుకున్నది?"

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. మొదటిది ఇంట్లో ఉండకూడదు. తొలి ఈత గొర్రెపిల్ల, కొత్త మగ్గం మీద నేసిన తొలి గొంగడి, ఆఖరికి కోడలు నాగరాణి పెట్టిన తొలి పచ్చడి జాడీ కూడా ఎవరికో ఒకరికి పోవలసిందే. మొదటిది బయటికి పోతేనే రెండోది నిలుస్తుందని చంద్రవ్వ లెక్క. గొర్రె నుదుట పసుపు పెట్టి, ఊరి అంగన్‌వాడీకి తోలుకుపోయి, రెబెక్క టీచరు చేతికి తాడు అందించింది. శంకరప్ప కూడా వెంటే ఉన్నాడు. వెనుక నిలబడి, ఎక్కిన పిల్ల పడకుండా తోక పట్టుకున్నాడు.

నేను ఫోను తీసి వీడియో పట్టాను. అతని చెయ్యి అందులో పడలేదు. నా గొంతు మాత్రం మస్తుగా పడింది. "లోకంల ఎక్కడ లేని గొర్రె. గడ్డి తినదు, పెంటికలెయ్యది" అని మొదలుపెట్టి, చివర్లో దాన్ని తలకిందులు చేయించి, "కడుపు గుడ చూడుండ్రి, ఎట్ల పెట్టిండో" అని ఫ్రీవీళ్ళ దగ్గర నుంచి మడతబందు దాకా ఒక్కటి వదలకుండా చూపించాను. ఆ సాయంత్రమే యూట్యూబ్‌లో పెట్టాను. మూడు వందల పన్నెండు మంది చూశారు. అందులో రెండు వందలసార్లు చూసింది నేనే.

శంకరప్ప బిడ్డ స్నేహలత వికారాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. కొత్తగా కనిపెట్టినదానికి పేటెంటు అని ఒక హక్కు ఉంటుందని ఆమెకు కాలేజీలో తెలిసింది. హైదరాబాద్‌లో ఆ పని చూసే మేడమ్ ఒకరిని పట్టుకుని, తండ్రి పేరు మీద దరఖాస్తు పంపించింది. అప్పటికి వీడియో పెట్టి పదకొండు నెలలైంది. ఆ పదకొండు నెలల్లో ఒకటే కొత్తది జరిగింది. అంగన్‌వాడీ ముందరి వాలులో ఒక పిల్ల గొర్రెతో సహా జారిపోయి గడ్డం పగలగొట్టుకుంది. శంకరప్ప రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత చేసి ఇంట్లో ఉంచుకున్న రెండో గొర్రెకు సైకిలు బ్రేకు తీగ వేసి కొమ్ములకు కలిపాడు. కొమ్ములు నొక్కి పట్టుకుంటేనే గొర్రె కదులుతుంది, వదిలితే బిగుసుకుపోతుంది. దరఖాస్తులో ఆ బ్రేకు సంగతి కూడా రాశారు. అది వెళ్ళిన తర్వాతే బ్రేకు అంగన్‌వాడీ గొర్రెకు ఎక్కింది. అప్పటిదాకా రెబెక్క టీచరు వాలుకు అడ్డంగా బండలు పేర్చి కాపాడింది.

పోయిన ఏడు తాండూరు బస్టాండు ఎదురు దుకాణంలో ప్లాస్టిక్ గొర్రె వేలాడింది. ఏదో పట్నం కంపెనీది. పసుపు రంగు, ఎర్ర ముక్కు. శంకరప్ప దాన్ని దింపించి, తిరగేసి, చాలాసేపు కడుపులోకి చూశాడు.

"మంచిగనే చేసిండ్రు," అన్నాడు.

అంతకుమించి మాట్లాడలేదు. అతను మామూలుగానే రోజుకు నాలుగు మాటలు మాట్లాడే మనిషి, అందులో రెండు పానాతో. కానీ ఆ నెలలో యంత్రానికి బెల్టు తిరగేసి బిగించాడు, అదీ రెండుసార్లు. పేటెంటు వస్తే ఆ కంపెనీవాళ్ళు ఆ నడకను తన పేరు చెప్పి అడిగి తీసుకోవాలి. రాకపోతే ఏడు నెలల ఆ నడక వాళ్ళదే. అతనికి రాత్రీ పగలూ అదే ఫికరు.

ఈ వేసవిలో చెన్నై పేటెంటు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. స్నేహలత అచ్చు తీయించుకుని మధ్యాహ్నం బస్సుకు ఊళ్ళో దిగింది.

"నాయిన, ఇది కొత్తది కాదంటున్నరు. మనం అర్జీ పెట్టకముందే లోకానికి తెలిసిపోయిందంట. గీ వీడియో చూపిస్తున్నరు."

ఆ కాగితంలో నా వీడియో పేరు ఉంది, తేదీతో సహా. మా తాలూకాలో ఇంకెవరి వీడియో పేరూ ఏ ప్రభుత్వమూ అచ్చు వేయలేదు. ఆ ముక్క నోటిదాకా వచ్చింది గానీ, శంకరప్ప మొహం చూసి మింగేశాను.

మేడమ్ ఫోనులో నెమ్మదిగా చెప్పింది. "ఒక దారి ఉంది. మీకు తెలియకుండా, మీరు ఒప్పుకోకుండా మీ అమ్మగారు దాన్ని బయటికి తీసుకెళ్ళి ఉంటే, మీ స్నేహితుడు మిమ్మల్ని అడగకుండా వీడియో పెట్టి ఉంటే, ఆ మాట వాళ్ళిద్దరూ రాసివ్వచ్చు. నిజమైతేనే."

ఫోను పెట్టేశాక నేనే అన్నాను, "నాకెందుకు ఫికరు? ఇన్ని అబద్ధాలు ఉత్తగనే చెప్పిన, గిదొక్కటి పనికొస్తదంటే చెప్పనా?"

"నిన్ను దొంగ అంటరు, కాకా," అంది స్నేహలత.

"అననీ. మా ఆవిడ రోజు అంటది."

నేను కాగితం రాసి సంతకం పెట్టాను. రెండో కాగితం చంద్రవ్వది. శంకరప్ప చదివి వినిపించాడు, మధ్యలో రెండుసార్లు ఆగాడు. కొడుకు ఇంట్లో లేనప్పుడు, అడగకుండా, గొర్రెను తీసుకుపోయాను, అని ఉంది అందులో. ఆమె పూర్తిగా విన్నది.

"గిట్ల పెడితె నీ గొర్రె నీకొస్తదా?"

"వస్తదంటున్నరు."

"తే."

వేలిముద్ర వేసి, చెంగుకు తుడుచుకుని లేచిపోయింది. స్నేహలత రెండు కాగితాలనూ ఫోనులో ఫోటో తీసి పంపబోయింది. నెట్ సరిగ్గా లేక గుండ్రం తిరుగుతూనే ఉంది.

అరగంట గడిచిందేమో, వీధిలో ఇనుము గీరుకుంటున్న చప్పుడైంది. బయటికి వచ్చాం. చంద్రవ్వ అంగన్‌వాడీ గొర్రెను ఇంటికి తోలుకొస్తోంది. కొమ్ములు వదిలితే బ్రేకు పడుతుంది కదా, అందుకని నడుం వంచి, రెండు కొమ్ములూ నొక్కి పట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతోంది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. వెనుక పదీ పన్నెండు మంది పిల్లలు. ఇద్దరు ఏడుస్తున్నారు. వాళ్ళ వెనుక రెబెక్క టీచరు.

"ఏందవ్వ గిది?" అన్నాడు శంకరప్ప.

"అడగకుండ తీస్కపోయిన గొర్రె గద. మళ్ళ మందల కలపొద్దా?"

"అది కాయితం కోసం రాసినం అవ్వ."

"కాయితానికి ఏలు నేనే పెట్టిన గద కొడుకా. ఏలు పెట్టినంక గదే మాట."

రెబెక్క టీచరు నొచ్చుకున్నట్టుగానే అడిగింది. "శంకరన్న, నువ్వు మాకు ఇయ్యలేదంట గద? మేం దొంగ గొర్రెను ఆడిచ్చినమా ఇన్నేండ్లు?"

పిల్లల్లో ఒకతె గొర్రె తోక పట్టుకుని వదలడం లేదు. శంకరప్ప బిడ్డ వైపు తిరిగాడు.

"ఫోటో పోయిందా?"

"ఇంక లేదు నాయిన."

"ఆపు."

నా ఫోను అందుకుని మేడమ్‌కు కలిపాడు. "మేడమ్, అమ్మ అడగకుండ తీస్కపోలే. నేను ఆడనే ఉన్న. వీడియో తీస్తుంటె గుడ వద్దనలే."

మేడమ్ అడిగింది, వీడియోలో లేనిది ఏమైనా ఉందా అని. బ్రేకు ఉందన్నాడు. అర్జీకి ముందు దాన్ని బయటివాళ్ళెవరైనా చూశారా అని అడిగింది. లేదన్నాడు.

"అయితే ఆ కొమ్ముల బ్రేకు వరకే అడుగుదాం. నడక మీద మనకు హక్కుండదు. ఎవరైనా చేసుకోవచ్చు."

"ఎవరైనా అంటె, గా కంపెనీవాళ్ళు గుడనా?"

"వాళ్ళు కూడా."

అతను చెవి దగ్గర ఫోను అలాగే పట్టుకుని, గొర్రె నడుము దగ్గరి మడతబందు వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను నోరు తెరిచాను.

"నేను దొంగనయ్యే మోకా గుడ పోగొట్టినవ్ కద శంకర."

"దొంగతనానికి జర తెలివి గావాలె," అన్నాడు నా వైపు చూడకుండానే. మేడమ్‌తో, "గట్లనే రాయుండ్రి," అన్నాడు.

పిల్లలు గొర్రెనెక్కి వంతులవారీగా ఊగుకుంటూ అంగన్‌వాడీకి తిరిగి బయల్దేరారు. నా ఆటోలో వేసుకుపోదామంటే వాళ్ళెవరూ వినలేదు. చంద్రవ్వ మాత్రం నల్లా దగ్గర కూర్చుని, వేలి సిరాను బూడిదతో రుద్దుతోంది. అది పోవడం లేదు.

"ఒక్క మాట చెప్పు," అంది కొడుకుతో. "నేను తీస్కపోయిన్నా, ఇచ్చిన్నా?"

"ఇచ్చినవ్ అవ్వ."

"నువ్వు?"

శంకరప్ప వీధి మలుపు దాకా చూశాడు. గొర్రె అక్కడ ముందు సగం జరిపి, ఆగి, వెనుక సగాన్ని లాక్కుంటోంది.

"నేను గుడ ఇచ్చిన," అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు, ఇష్టంగా అన్నాడని నేను చెప్పలేను.

సోమవారం స్నేహలత వికారాబాద్ నుంచి మేడమ్ చేత చెన్నైకి జవాబు పంపించింది. అర్జీలో హక్కు కోరిన పదకొండు అంశాల్లో తొమ్మిది మేమే కొట్టేసి, కొమ్ములకు సంబంధించిన రెండే ఉంచాం. చెన్నై నుంచి ఇంకా ఏమీ రాలేదు. బస్టాండు ఎదురు దుకాణంలో పసుపు గొర్రెలు బాగానే పోతున్నాయి. వాటిలో ఒక్కదానికీ బ్రేకు లేదు.