గేదెకు వేరే పేరా

ప్రాణమిచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన వెలుగునీ చీకటినీ వేరుచేసి, ఆ తర్వాతే వాటికి పేర్లు పెట్టాడు. ఆ వరుస ఎందుకో నాకు ఒక ఉత్తరం వల్ల తెలిసింది.

1964. మిరపకూ పత్తికీ మందు కొట్టే రోజులు. ఒంగోలు వైపు పల్లెల్లో ఒక మిషన్ ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సును. ఆ ఉదయం డాక్టరమ్మగారు కొత్తపట్నంలో రోగులను చూడటానికి వెళ్లారు. వార్డు నా మీద ఉంది. పదిగంటల వేళ రెండెడ్ల బండి ఒకటి వాకిట్లో ఆగింది. ఏసోబు అనే రైతు భార్యను చేతుల మీద ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. ఆమె పేరు దీనమ్మ. నిండు గర్భిణి, స్పృహ లేదు. దారిలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయట. చీర నిండా ఎండ్రిన్ వాసన. ఎండ్రిన్ అంటే చేలకు కొట్టే పురుగుమందు.

"ఏం జరిగింది?" అన్నాను.

"నాకేం తెలవదమ్మా. నేను చేలో ఉన్నా. ఉపదేశిగారు చూశారంట, అన్నీ ఇందులో రాశారు" అని, వాళ్ల ఊరి మందిరంలో వాక్యం చెప్పే ఆ ఉపదేశిగారి ఉత్తరం నా చేతిలో పెట్టాడు.

రెండు పుటల ఉత్తరం. మొదటి అక్షరం నుంచి చివరి దాకా ఒకటే పేరా. ఎక్కడా చుక్క లేదు. స్తోత్రాలు, సంఘం క్షేమం, కోత పండుగ కానుకలు దాటుకుంటూ వెళితే నడుమ ఇలా ఉంది: "మన సహోదరి దీనమ్మ ఎనిమిదవ నెల గర్భవతి మూడు దినములుగా తలనొప్పి అనగా కషాయము ఇచ్చితిమి గేదె కూడ మేత ముట్టలేదు డబ్బా కడిగిన మందు నీళ్లు తాగింది నురగ కక్కి పడి కొట్టుకొన్నది మందిరము కప్పుకు పెంకులు ఇంకను రాలేదు..."

తాగింది ఎవరు? మన భాషలో ఆడమనిషికీ గేదెకూ క్రియ ఒకటే.

ఎండ్రిన్ తాగితే ఫిట్స్ వస్తాయి. అప్పుడు వెంటనే నోట్లోంచి ట్యూబు వేసి కడుపు కడగాలి. దాన్ని స్టమక్ వాష్ అంటాం. కానీ గర్భిణులకు బీపీ పెరిగి కూడా ఫిట్స్ వస్తాయి. దాని పేరు ఎక్లాంప్షియా. ఆ రోగిని తాకితేనే మళ్లీ ఫిట్స్ రావచ్చు. చీకటి గది, నిశ్శబ్దం, మత్తు ఇంజక్షను కావాలి. అలాంటి మనిషి గొంతులో ట్యూబు దింపితే తల్లీ బిడ్డా ఇద్దరూ పోవచ్చు. దీనమ్మ కాళ్లు నొక్కితే గుంటలు పడుతున్నాయి, బీపీ బాగా ఎక్కువగా ఉంది. అయితే పొంగిన కాళ్లతోనే విషం తాగి ఉండకూడదా? ట్యూబు ట్రేలో సిద్ధంగా ఉంది. అంతలోనే మూడో ఫిట్ వచ్చింది.

"ప్రభువా, కళ్లు తెరిపించు" అన్నాను. అంతకు మించి ప్రార్థన రాలేదు. ఎర్ర పెన్సిలు తీసి, ఉత్తరంలో సంగతి మారిన ప్రతిచోటా గీత కొట్టాను. మందిరం గీతకు అవతల, దీనమ్మ గీతకు ఇవతల. రెండో పుట అడుగున, పాస్టరుగారికి వందనాల పక్కన, ఒంటరిగా ఒక ముక్క దొరికింది: "తొట్టిలో కుడితి పారబోయించితిమి."

కుడితి పశువు తాగేది.

"ఏసోబూ, మీ గేదె ఎట్లా ఉంది?"

అతను మండిపడ్డాడు. "పెళ్లాం పోతా ఉంటే గేదె సంగతి అడుగుతారేందమ్మా!"

"చెప్పయ్యా! బతికుందా?"

"తెల్లారే చచ్చింది. మా వదిన మహాతల్లి మందు డబ్బా తీసుకెళ్లి తొట్టిలో కడిగింది."

"మరి ఈ చీరకు వాసన?"

"నేనే గదమ్మా ఎత్తుకొచ్చింది! మందు కొడతా కొడతా చేలోంచి పరిగెత్తుకొచ్చా."

ట్యూబు పక్కన పెట్టేశాను. మత్తు ఇంజక్షను ఇచ్చి, కిటికీలకు దుప్పట్లు కట్టి, చెప్పులు విప్పి ఆ గదిలో కూర్చున్నాను. నిర్ణయం తీసుకున్నాక భయం తగ్గుతుందనుకున్నాను, పెరిగింది. ఆమె ఊపిరి బరువెక్కినప్పుడల్లా, నేను గీత తప్పుచోట కొట్టానేమో అనిపించేది.

మూడు గంటలకు డాక్టరమ్మగారు వచ్చారు. చూసి, "ట్యూబు వేయలేదు కదా?" అన్నారు. "లేదమ్మా" అన్నాను. ఆమె గట్టిగా ఊపిరి వదిలారు. మర్నాడు దీనమ్మకు ఆడపిల్ల పుట్టింది, గుప్పెడంత. ఇద్దరూ బతికారు.

ఉపదేశిగారి మీద కోపం తీరకముందే నా వార్డు రిపోర్టు తెరిచాను. రాత్రి డ్యూటీ నర్సు కోసం రాసే పుస్తకం అది. నలుగురు రోగులు, ఒకటే పేరా. "ఆమెకు జ్వరం తగ్గింది, ఆమెకు ఇంజక్షను ఇవ్వాలి." ఏ ఆమె? నాకే తెలియలేదు. ఆ పుట కొట్టేసి మళ్లీ రాశాను. రోగి మారితే కొత్త పేరా. మొదటి వాక్యంలోనే ఎవరి గురించో పేరు. "ఆమె" ఇద్దరికి అతికేలా ఉంటే పేరు మళ్లీ చెప్పడం. ఒకే పేరు పదిసార్లు వస్తే చదవడానికి అందం ఉండదు నిజమే, కానీ వార్డులో అందం ఎవరికి కావాలి?

వారం తర్వాత ఉపదేశిగారు వచ్చారు. ఎర్ర గీతల ఉత్తరం చూసి చిన్నబుచ్చుకున్నారు. "స్తోత్రం లేకుండా ఉత్తరం ఎట్లా మొదలుపెట్టమంటావమ్మా?"

"స్తోత్రంతోనే మొదలుపెట్టండి అయ్యగారూ. దానికొక పేరా. మనిషికి ఇంకో పేరా. గేదెకు మాత్రం వేరే పేరా."

ఆయన నవ్వలేదు. మరుసటి ఏడు ఒక రోగితో ఆయన ఉత్తరం వచ్చింది. మూడే పేరాలు.

"దేవునికి స్తోత్రము.

తేలు కుట్టినది ఏసోబును. కుట్టి రెండు గంటలైనది. ఏ మందూ తాగలేదు.

కొత్త గేదె క్షేమము."

చదువుతున్న సహోదరీ, సహోదరుడా, ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. తండ్రీ, మా చేతిరాతను నమ్ముకుని ఎక్కడో ఎవరో మంచం మీద పడి ఉన్నారు. మేము రాసే మాట వారి ప్రాణం మీదికి రాకుండా చూడు. ఆమెన్.