ఎద్దును చూసినట్టు బండిని చుట్టూ తిరిగి చూడండి: జనగామ నుంచి భూపాలపల్లి దాకా క్యాంపర్ వేట

జనగామలో పాత బండ్లు అమ్మే ఒక యార్డు ఓనరు, లోపలే వండుకుని పడుకునే క్యాంపర్ బండి వెనక తలుపును వెల్డింగ్ చేసి మూసేశాడు. మూసేసిన తలుపుకు బయట మెరిసే కొత్త పిడి బిగించాడు. గ్యాసు, పొగ బయటికి పోవాల్సిన జాలీల మీద నెమలి స్టిక్కర్ అంటించాడు. అది చాలదన్నట్టు బండి పక్కన పెద్ద అక్షరాలతో ‘ఫ్యామిలీ సేఫ్’ అని రాయించాడు. ఆ బండిని మాకు అంటగట్టబోయాడు. మేము తప్పించుకున్నాం. కానీ బండి ఇంకా అక్కడే ఉంది, రేపు ఎవరో ఒకరు పిల్లలతో వచ్చి కొంటారు. అందుకే రాస్తున్నాను.

మేము వరికోత మిషన్ మీద పనిచేసే నలుగురం. మాది నర్మెట్ట దగ్గర పల్లె. కోతలు మొదలైతే మిషన్ ఎటు పోతే మేమూ అటే. రాత్రిళ్ళు పొలం పక్కన టార్పాలిన్ పరుచుకుని పడుకుంటాం. పోయిన కోతల్లో వాన పడితే మా డ్రైవర్ యాకయ్యన్న మిషన్ కింద దూరి పడుకున్నాడు. పొద్దునకు నడుము పట్టేసింది, ఇద్దరం పట్టుకుంటే గానీ లేవలేకపోయాడు. నాలుగు పడకలు, ఒక పొయ్యి ఉన్న పాత క్యాంపర్ కొనాలని ఆ రోజే అనుకున్నాం. మిషన్ ఓనరు సగం పెడతానన్నాడు. నాలుగున్నర లక్షలు దాటొద్దన్నది మా లెక్క. బండికి బయట ఏమేం చూడాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఫోన్‌లో హిందీ వీడియోలు చూసి నేర్చుకున్నాను. అర్థం కాని చోట మళ్ళీ మళ్ళీ చూశాను.

మూడు ఊళ్ళలో అమ్మకానికున్న మూడు బండ్లు ఎంచుకున్నాం. నేనూ యాకయ్యన్నా పొద్దున ఆరింటికి బైక్ మీద బయలుదేరాం. ఏడింటికల్లా జనగామ. యార్డు తెరిచేది ఎనిమిదికి, అంతలో బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాం. ప్లేటు ముప్పై, పల్లీ చట్నీ ఎంతైనా వేస్తారు. కోతలప్పుడు పొలాల్లో నేల మీద పడుకుంటామని, అందుకే బండి కావాలని ఓనరుకు చెప్పాం. యార్డులో నీలం రంగు బండి కొత్త పెళ్ళికొడుకులా ఉంది. యాకయ్యన్న చెప్పులు విప్పి తిన్నగా లోపలికెక్కి పరుపు మీద వాలిపోయాడు.

“తమ్మీ, దూది పరుపురా! నడుము గిట్ల ఆనిచ్చిన్నో లేదో నిద్రొస్తుంది.”

“అన్నా, దిగు. అంగట్ల ఎద్దును కొనేటప్పుడు గూడ గిట్లనే దాని కడుపుల పండి చూసినవా?”

యాకయ్యన్న పకపకా నవ్వాడు. ఎద్దుల అంగడిలో ఆయనకు పేరుంది. సుడులు చూస్తాడు, గిట్టలు ఎత్తి చూస్తాడు, తోక పట్టి లాగుతాడు, చుట్టూ మూడుసార్లు తిరగనిదే బేరం మాట ఎత్తడు. అలాంటి మనిషి బండి దగ్గరికొచ్చేసరికి పరుపు చూసి పడిపోయాడు. క్యాంపర్ కొనే చాలామంది చేసే తప్పు ఇదే. పరుపు రేపైనా మార్చుకోవచ్చు. ప్రాణం కాపాడేవన్నీ బయటే ఉంటాయి.

“సరే తియ్, తోక కాడికెల్లి షురూ చేద్దాం” అంటూ దిగి, వెనక తలుపు పిడి పట్టి లాగాడు. రాలేదు.

“కొత్తది గదా, జర గట్టిగుంటది” అన్నాడు ఓనరు.

ఇద్దరం కలిసి లాగాం. బండి ఊగింది గానీ తలుపు కదల్లేదు. తలుపు అంచు వెంట వేలు పెట్టి చూశాను. సందే లేదు. వెల్డింగ్ గీత మీద, లోపం కనబడకుండా పూసే పుట్టీ, దాని మీద రంగు. లోపలి వైపు అదే చోట అల్మారా బిగించారు. ముందు డ్రైవర్ సీటుకు, పడకలకు మధ్య రేకు గోడ. అంటే బయటికి దారి పక్క తలుపు ఒక్కటే. ఆ తలుపు పక్కనే పొయ్యి. పొయ్యి దగ్గర మంట లేస్తే లోపల ఉన్నవాళ్ళకు రెండో దారి లేదు.

డ్యాష్‌బోర్డు మీద దేవుడి ఫోటో ముందు అగరుబత్తి వెలుగుతోంది. ముందుకు పోయి దాన్ని తెచ్చి పొయ్యి పైన పట్టుకున్నాను. పొగ బయటికి పోకుండా మా ముఖాల చుట్టే తిరిగింది. దిగి బయటి నుంచి చూస్తే ఆ చోట పెద్ద నెమలి. గోటితో ఒక ఈక లేపితే కింద జాలీ. గ్యాసు గాలికన్నా బరువు, అడుగుకు దిగుతుంది. అందుకని నేల దగ్గర ఇంకో జాలీ ఉండాలి. దాని మీదికి నెమలి తోక దించారు.

“ఏంది సార్ గిది?” అన్నాను.

“నేల మీద పండెటోళ్ళకు ఎనుక దర్వాజ గావాల్నా? మీకు పరుపు దొరుకుడే ఎక్కువ.”

“నేల మీద పండితె లేచి ఉరుకుతం సార్. నీ డబ్బాల పండితె ఎటు ఉరుకాలె?”

ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయలేను. యాకయ్యన్న నా రెక్క పట్టుకుని బైక్ దాకా ఈడ్చుకొచ్చాడు.

పాలకుర్తి మీదుగా తొర్రూరు చేరేసరికి పదకొండున్నర. రోడ్డు బాగుంది, నా తలకాయే బాగాలేదు. బస్టాండు ఎదుట మెస్సులో భోజనం నూరు రూపాయలు. నేను అన్నం పిసుకుతుంటే వడ్డించే అవ్వ నిలబడి చూసింది. “ఏం బిడ్డా, పప్పు నిన్నేమన్న తిట్టిందా?” యాకయ్యన్నకు నవ్వు ఆగక పొలమారింది. నాకూ నవ్వొచ్చింది. గోంగూర పచ్చడి రెండోసారి వేయించుకున్నాను.

మహబూబాబాద్‌లో ఒకటిన్నరకు చూసిన తెల్లబండి ఒక కుర్రాడిది. తలుపులు, జాలీలు సరిగ్గానే ఉన్నాయి. పైకప్పు మీద సామాను కట్టుకోవడానికి వెనక నిచ్చెన ఉంది. యాకయ్యన్న రెండో మెట్టు ఎక్కగానే నిచ్చెనతో సహా కిందికొచ్చాడు. దెబ్బ తగల్లేదు. కుర్రాడు దండం పెట్టేశాడు. “అన్నా, అది షోకుకు పెట్టించిన. ఎవ్వలు ఎక్కరు అనుకున్న.” నిజం చెప్పాడు గనక అతని మీద కోపం రాలేదు. కానీ నిచ్చెన మనిషి బరువు ఆపుతుందో లేదో కూడా చూసుకోనివాడి దగ్గర బండి కొనలేం.

కేసముద్రం మార్కెట్ దగ్గర అరగంట ఇరుక్కున్నాం. లారీలు, ట్రాక్టర్లు రోడ్డు మీదికే నిలబడ్డాయి. ఒక ట్రాక్టర్ ట్రాలీ వెనక లైట్ల మీద గోనెసంచులు వేలాడుతున్నాయి. చీకట్లో ఇలాంటి రోడ్డు పక్కనే మేమూ బండి ఆపుకుని పడుకుంటాం. వెనక నుంచి వచ్చేవాడికి మా బండి కనబడాలి. బండి వెనక అంటించే, లైటు పడితే మెరిసే ఎర్ర, తెల్ల పట్టీలు సోకు కాదని అక్కడ నిలబడితే తెలుస్తుంది.

నర్సంపేట, ములుగు మీదుగా భూపాలపల్లి చేరేసరికి పొద్దుగూకుతోంది. జనగామ నుంచి అక్కడి దాకా పెట్రోలు, టీలు కలిపి ఎనిమిది వందలు. బండి లచ్చక్కది. జాతరలు తిరుగుతూ గాజులు, బొమ్మలు అమ్మేది. మోకాళ్ళ నొప్పులతో ఇప్పుడు ఊళ్ళోనే దుకాణం పెట్టుకుంది. బండి రంగు వెలిసిపోయింది.

“రంగు జూసి మొఖం మాడ్వకుండ్రి. చుట్టూ తిరిగి చూడుండ్రి, నేను చాయ్ పెడుత” అంది.

యాకయ్యన్న ఈసారి పరుపు వైపు చూడనే లేదు. వెనకకు పోయి జనగామలో లాగినంత బలంగా పిడి లాగాడు. తలుపు వెన్నలా తెరుచుకుంది, ఆయన మూడడుగులు వెనక్కి తూలాడు. లచ్చక్క కిటికీలోంచి చూసి, “మెల్లగ నాయినా, అది దర్వాజ, ఎద్దు తోక గాదు” అంది. ఈ మాట ఆమెకు ఎవరు చెప్పారని ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. మా లాగుడు చూసే అనుంటుంది.

నేను లోపలికెక్కి అదే తలుపును లోపలి నుంచీ తెరిచాను. సిలిండర్ పెట్టెకు బయటి నుంచే తలుపు, అడుగున రంధ్రాలు. ఎక్కే మెట్టు మీద జారకుండా గరుకు రేకు, పక్కన చేతికి కడ్డీ. బండి దొర్లకుండా చక్రాల కింద పెట్టే చెక్కలు తాడుతో కట్టి ఉన్నాయి. లచ్చక్క దగ్గర అగరుబత్తి అడిగి పొయ్యి దగ్గర పట్టుకుంటే పొగ జాలీలోంచి తిన్నగా బయటికి పోయింది. చీకటి పడగానే బైకు దూరంగా ఆపి లైటు వేశాను. బండి వెనక పట్టీలు పిల్లి కళ్ళలా మెరిశాయి. రెండు టైర్లకు మాత్రం పగుళ్ళున్నాయి.

“ఎద్దు మంచిదే తమ్మీ. గిట్టలే అరిగినయి” అన్నాడు యాకయ్యన్న. టైర్ల ఖర్చు తీసేసి నాలుగు లక్షల పదివేలకు ఒప్పుకున్నాం.

ఆ రాత్రి లచ్చక్క మమ్మల్ని ఆ బండిలోనే పడుకోమంది. జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. వాన మొదలైంది. పైకప్పు మీద చినుకుల చప్పుడు, పక్కన యాకయ్యన్న గురక. చాలా కాలానికి వాన చప్పుడు భయం లేకుండా విన్నాను. పొద్దున యాకయ్యన్న ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడ్డాడు. రోజంతా కూలి చేసేవాడికి రాత్రి నిద్రన్నా నమ్మకంగా ఉండాలి. నేల మీద పడుకునేవాడికి ఏదైనా చాలు అనుకునేవాళ్ళకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

మీరూ క్యాంపర్ చూడబోతే జేబులో అగరుబత్తి కట్ట పెట్టుకోండి, పది రూపాయలు. సిలిండర్ ఆపేసి, పొయ్యి దగ్గర అగరుబత్తి వెలిగించి, ఒకరు బయట నిలబడండి. పొగ బయటికి రాకపోతే బేరమే వద్దు.

ఇక జనగామ ఓనరూ, ఇది నీకు. ఆ వెల్డింగ్ కోయించు. అల్మారా తీసెయ్యి. నెమలిని పీకెయ్యి. తలుపు తెరిచి ఉన్న ఫోటో ఈ ఆదివారం సాయంత్రం ఆరు లోపల ఈ పోస్టు కింద పెట్టు. పెట్టకపోతే సోమవారం పొద్దున ఎనిమిదికి మేము నలుగురం నీ యార్డు గేటు ముందు ఉంటాం. కొనడానికి వచ్చే ప్రతి ఒక్కరికీ ఆ పిడి లాగి చూడమని చెబుతాం. కోతలు ఇంకా మొదలుకాలేదు. మాకు తీరికుంది.