బిగిసిన మర

సత్యప్రియ ఎవరితో మాట్లాడుతున్నా ఆమె వేళ్లు యాంటెన్నా మరను బిగిస్తూనే ఉంటాయి. ఆమె చేసిన రేడియో పెట్టె, ఉప్పలగుప్తంలో భీమరాజుగారి రొయ్యల చెరువులో నీటికి గాలి పట్టించే ఏరేటరు ఆగగానే ఆయన ఇంట్లో గంట మోగించాలి. మోగకపోతే తెల్లారేసరికి రొయ్యలన్నీ గాలందక తేలిపోతాయి. నిన్న తొందరలో యాంటెన్నా పెట్టకుండానే స్విచ్చి వేసింది, అలా వేస్తే లోపల సిగ్నలు పంపే మాడ్యూలు దెబ్బతింటుందని తెలిసి కూడా. ఇవాళ దాని శక్తిని మీటరుతో కొలిస్తే వంద మిల్లీవాట్లు రావలసిన చోట ఎనిమిదే వచ్చింది. తీగ మార్చినా ఎనిమిదే.

“పొద్దున్న మోగిందిగా. అమ్మవారు చూసుకుంటుందిలే అమ్మా,” అన్నారు భీమరాజుగారు.

“వానకి మధ్యలో కొబ్బరి మట్టలు తడిస్తే ఈ కాస్త సిగ్నలు ఇంటిదాకా రాదు బాబాయిగారూ. కొత్తది తెచ్చేదాకా మీరే గట్టున మేలుకోవాలండీ.”

“ఆయ్. నిద్ర కోసమే కదా పెట్టించుకున్నాను.”

సత్యప్రియ వేళ్లు మర మీదికి వెళ్లాయి. అది బిగిసే ఉంది.