పేరు లేని తల

అప్పట్లో నాకు అక్షరాలు రావు. అరవై దాటాక నేర్చుకున్నాను కాబట్టి ఇది ఇప్పుడు రాస్తున్నాను.

సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చున్నతని ల్యాప్‌టాప్‌లో తల స్కానింగ్ బొమ్మ కనిపించింది. ఎడమ చెవి వెనక తెల్లటి మచ్చ. నాకూ ఏడాదిగా అక్కడే నొప్పి. భయంతో స్కానింగ్ తీయించుకోలేదు.

"ఎవరిది బాబూ? పేరు చెబితే ప్రార్థన చేస్తాను."

"ఎవరిదీ కాదమ్మా. ప్రోగ్రాం రాసి నేనే తయారు చేసిన. మచ్చ సుత నేనే పెట్టిన. స్కానింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని సరిగ్గ చూపిస్తదా లేదా అని పరీక్ష."

అతను ఒక మీట నొక్కాడు. మచ్చ మాయమైంది. నా చెయ్యి చెవి వెనక్కి పోయింది. నొప్పి అక్కడే ఉంది.

మర్నాడు పొద్దున్నే స్కానింగ్‌కి వెళ్లాను. మెషిన్‌లో పడుకునే ముందు, ఎవరూ అడగకపోయినా, నా పేరు రెండుసార్లు చెప్పాను.