కారులో దొరికిన నళీ

నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఎయిర్ సస్పెన్షన్ కారు గతుకు తగిలితే చాలు, ముందు వైపు టకటకమంటోంది. చక్రం దగ్గర కుదుపు ఆపే స్ట్రట్ మార్చాల్సిందేనన్నాడు నాగ్‌పూర్ మెకానిక్. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఈ రోజు మా ఆవిడ మడ్‌గార్డు పట్టి ఊపుతుంటే, బానెట్ ఎత్తి స్ట్రట్ మీద చెయ్యి పెట్టి చూశాను. స్ట్రట్ బంగారంలా ఉంది. దానికి గాలి అందించే గొట్టం క్లిప్పులోంచి ఊడి రేకుకు కొట్టుకుంటోంది. ఆ గొట్టాన్నే ఇక్కడి వర్క్‌షాపుల్లో మరాఠీలో నళీ అంటారు.

“నళీ దొరికింది” అని కేకేశాను.

“నల్లి ఒక్కటే ఉంటదా బిడ్డా? సీట్లు తీసి ఎండల ఎయ్యి” అంది అమ్మ వరండాలోంచి.

గొట్టాన్ని క్లిప్పులో బిగించి, ఘుగ్గుస్ రోడ్డు మీద లారీలు చేసిన గుంతల్లో తిప్పి తెచ్చాను. చిన్న చప్పుడు కూడా లేదు. ఈలోగా అమ్మ గల్లీ అంతా చెప్పేసింది. గర్వంగా పక్కింటాయనను ఎక్కమంటే, ఆయన సీటు బాగా దులిపి మరీ కూర్చున్నాడు.

మీలో ఎవరికైనా లిఫ్ట్ కావాలా? కారు మాత్రం నిశ్శబ్దంగా ఉంది.