యార్డు ఖాళీ చేసిన రోజు

మా అక్క పెనిమిటి అల్వాల్ దాటినంక ఉన్న ఒక కంటైనర్ యార్డుకు ఇంచార్జ్‌గ చేసేటోడు. పోర్టు నుంచి రైలెక్కి వచ్చిన పెట్టెలను దింపి, లారీల మీద ఫ్యాక్టరీలకు పంపుడు ఆయన పని. నేను గా పక్కకే లేచిన ఇండస్ట్రియల్ పార్కు ఆఫీసుల చేస్తున్న. బయటిదేశాల కంపెనీలను పిలిచి, జాగ చూపించి, నీళ్లున్నయి, కరెంటున్నది, రోడ్డున్నది, మా దగ్గర ఫ్యాక్టరీ పెట్టుండ్రి అని బతిమాలుకునే కొలువు. బావ నన్ను పెండ్లిళ్ల పేరమ్మ అని ఎక్కిరిస్తుండె. నిజమే, అచ్చం పెండ్లిచూపులే. పిల్లను చూపిస్తం, పలారం పెడతం, జవాబు కోసం ఫోన్ల దిక్కు చూసుకుంట కూసుంటం.

యార్డుకు అప్పటికే సరుకు తగ్గింది. కొత్త కంపెనీ ఏదన్న రాకుంటె తాళమేస్తా అని యజమాని మొఖం మీదనే చెప్పిండు. తాళం పడితె బావకు తెలిసిన పని దొరికేది దూరాన పోర్టు ఊర్లనే. అక్కకేమో రెజిమెంటల్ బజార్ల కుట్టు దుకాణం, ఇన్నేండ్ల గిరాకీ, అది ఇడిచిపెట్టి రాదు. రోజు పొద్దుమీకి బావ స్కూటర్ మీద పోయి దుకాణం మూసినంక అక్కను ఎక్కించుకొని కాప్రా తోలుకపోతడు. తొవ్వ పొడుగున కొట్లాట. ఇంటికి పోయినంక సుత కొట్లాట. అయినా ఒకరు లేకుంటె ఇంకొకరికి ముద్ద దిగదు. యాభై దాటినంక వీళ్లను వేరు చేసుడేందని నాకు ఒకటే పరేషాన్.

గప్పుడే కొరియా నుంచి ఒక కంపెనీ వాళ్లు చూడనీకి వస్తమన్నరు. ఫ్యాక్టరీ మా పార్కుల పెడితె, విడిభాగాలన్ని బావ యార్డు మీదికెల్లే రావాలె. మర్యాదల ఏం తక్కువ కావద్దని మా డైరెక్టర్ అందరికి గట్టిగ చెప్పిండు. బావ ఆ మాటను మనసుకు పట్టించుకున్నడు.

మన దిక్కు పెద్దమనిషి వస్తున్నడంటె ఏం చేస్తం? రోడ్డు ఖాళీ చేస్తం. విజిల్ ఊదుతరు, ఆటోలు ఆగుతయి, అంబులెన్స్ సుత పక్కకు జరుగుతది. మనకు గదే గౌరవం. బావ గూడ గదే చేసిండు. లారీలన్నిటిని ముందు రోజే హైవే మీద ధాబా కాడికి పంపిండు, చుట్టాలు పోయేదాంక మొఖం చూపియ్యద్దన్నడు. లొల్లి కావద్దని క్రేన్లు బందు పెట్టించిండు. ట్యాంకర్ తెప్పించి నేలంత కడిగించిండు. అక్క దుకాణం మూసేసి వచ్చి, గేటు కాడ ఇంత పెద్ద ముగ్గేసింది. షామియానా, బంతిపూలు, కొబ్బరిబోండాలు. మా డైరెక్టర్ చూసి బావ భుజం తట్టిండు. అబద్ధమెందుకు, నాకు సుత కండ్లు నిండినయి.

ముగ్గురొచ్చిన్రు. అందుల పెద్దామె నా ఈడుదే, నెరిసిన జుట్టు, కాళ్లకు బట్టబూట్లు. శాలువ కప్పించుకున్నది, బోండం తాగింది, ముగ్గు తొక్కకుండ పక్కకెల్లి నడిచింది. యార్డు నడుమ నిలబడి నాలుగు దిక్కులు చూసింది. ఒక్క పెట్టె దింపి చూపిస్తరా అని ఇంటర్‌ప్రెటర్ పిల్లతోని అడిగించింది. మీకు తక్లీఫ్ కావద్దని పొద్దుగాల్ల సంది అన్ని ఆపేయించిన మేడం అని బావ చేతులు జోడించి చెప్పిండు. ఆమె నవ్వింది. బావ మొఖం చూడాలె అప్పుడు, కోటి దీపాలు.

కార్ల తిరిగి వస్తుంటె, ఈ యార్డు వారానికి ఎన్ని రోజులు నడుస్తదని ఆమె అడిగింది. రోజు నడుస్తదండి, ఇయ్యాల ఒక్క మీ కోసమే ఆపినం అని గబగబ చెప్పిన. ఆమె కిటికీ దిక్కు తిరిగి ఏదో అన్నది. ఇంటర్‌ప్రెటర్ పిల్ల ఆమె మాటను మెల్లగ నాకు అప్పజెప్పింది.

"రేపు మా సరుకు దిగే రోజు ఇంకో పెద్దమనిషి వస్తే, మా లారీలను గూడ ఆపుతారా?"

నేను డైరెక్టర్ దిక్కు చూసిన. ఆయన ఫోన్ల తలకాయ పెట్టిండు. మేము ఇంత ఇష్టంగ చేసింది, ఆమెకు ఇంత భయంగ కనపడ్డది. ఆమె తప్పేముంది?

ఫ్యాక్టరీ వేరే రాష్ట్రానికి పోయింది. అక్కడి యార్డుల ఆమె ఏం చూసుంటది? దుమ్ము, హారన్లు, లైన్ల నిలబడి తిట్టుకునే డ్రైవర్లు. మా బావ కాడ గవన్ని రోజుండె, గా ఒక్క రోజే లేకుండె.

యార్డుకు తాళం పడ్డది. కార్ల జరిగిన ముచ్చట అక్కకొక్కదానికే చెప్పిన. ఆయనకు మాత్రం చెప్పకే, తట్టుకోడు అన్నది అక్క. బావ పోర్టు ఊరికి ప్రయాణమైన నాడు కాప్రా పోయిన. అక్క పచ్చడి సీసాకు గుడ్డ చుట్టుకుంట కూసున్నది. ఇద్దరి మధ్యల కొట్లాట లేదు, మాటే లేదు. ఇల్లు ఇల్లు తీరుగ లేకుండె.

బావ సూట్‌కేస్ జిప్పు గుంజుకుంట నా దిక్కు తిరిగిండు.

"నాదే తప్పు మరదలా. వాళ్లు వచ్చే తొవ్వల మన బండ్లు రెండు ధాబా కాడ రోడ్డుకే నిలబడ్డయంట. అవి కంటబడ్డట్టున్నయి. మల్ల ఎవరన్న వస్తె ఫోన్ చెయ్యి, సెలవు పెట్టుకొని వస్తా. ఈసారి ఒక్క బండి సుత కనపడనియ్య."

అక్క పచ్చడి సీసాకు ఇంకో గుడ్డ చుట్టింది. అట్లనే బావా, చేస్తా అన్న.